బియ్యం మిల్లుకి పర్యావరణ లెక్క ఎలా కట్టాలి? ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లు చెప్పండి

గుణుపురం మిల్లు

అందరికీ నమస్కారం. గుణుపురం దగ్గర మాకు బియ్యం మిల్లు ఉంది. నాన్నగారు పెట్టారు, పన్నెండేళ్లుగా నేను చూసుకుంటున్నాను. గంటకు రెండు టన్నుల ధాన్యం ఆడుతుంది. ఎక్కువగా ఉప్పుడు బియ్యం, ఇక్కడి ఒడియా వాళ్లు ఉసునా అంటారు. కొంత పచ్చి బియ్యం కూడా ఆడతాం. సొసైటీ ద్వారా వచ్చే ప్రభుత్వ ధాన్యం కాక ప్రైవేటుగా కూడా అమ్ముతాం.

మా దగ్గర సన్న బియ్యం కొనే ఒక కంపెనీ పోయిన నెల ఎనిమిది పేజీల ఫారం పంపింది. స్కోప్ ఒకటి, స్కోప్ రెండు, స్కోప్ మూడు అని గడులు. టన్ను బియ్యానికి ఎంత కార్బన్, ఎంత నీరు, ఎంత వ్యర్థం అని అడిగారు. వచ్చే సీజన్ నుంచి ఇది ఇవ్వని మిల్లుల దగ్గర కొనడం తగ్గిస్తామన్నారు. ఒక కన్సల్టెంటును అడిగితే మూడు లక్షలన్నాడు, చివర్లో సర్టిఫికెట్ కూడా ఇస్తాడట.

నాకు రెండు సందేహాలు. ఒకటి, ఇది మనంతట మనం కట్టుకోగలిగే లెక్కేనా? రెండు, కట్టాక నిజంగా ఏదైనా తగ్గుతుందా, లేక కాగితం నింపడమేనా? కాగితం నింపడమే అయితే నాకు ఆసక్తి లేదు. తగ్గేదుంటే మాత్రం ఎంత కష్టమైనా చేస్తాను.

లెక్కల మాస్టారు, రాయగడ

తమ్ముడూ, నేను ఫ్యాక్టరీలకు కరెంటు ఆడిట్ చేసేవాణ్ణి, రిటైరై నాలుగేళ్లయింది. నీ మిల్లు అంత యూనిట్‌కి మొదటి లెక్క నువ్వే కట్టుకోగలవు. మూడు లక్షలు ఇప్పుడే ఇవ్వకు.

ముందు ఈ ఫారం ఎందుకొచ్చిందో చెబుతాను. షేర్ మార్కెట్‌లో ఉన్న పెద్ద కంపెనీల్లో మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణం, సమాజం మీద తమ ప్రభావం గురించి ఏటా నివేదిక ఇవ్వాలని ఆ మార్కెట్‌ని నియంత్రించే సంస్థ సెబీ నిబంధన పెట్టింది. తమ గేటు లోపల జరిగేదే కాకుండా సరుకు ఎక్కడినుంచి వస్తుందో కూడా చూపాలనే ఒత్తిడి వాళ్లమీద పెరుగుతోంది. అది మెట్టు మెట్టుగా దిగి నీ దాకా వచ్చింది.

స్కోప్ అనే మాట 2001లో వచ్చిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ నుంచి వచ్చింది. విషయం సులువే. నీ ఆవరణలో నువ్వే కాల్చేది స్కోప్ ఒకటి: జనరేటర్ డీజిల్, లోడర్, సొంత లారీ, బాయిలర్. ఎక్కడో బొగ్గు కాలి నీకు తీగ మీద వచ్చే కరెంటు స్కోప్ రెండు. నీకోసం ఇతరుల దగ్గర జరిగేదంతా స్కోప్ మూడు. రైతు పొలం, కిరాయి లారీ, బస్తాలు, నీ బియ్యం వండే వంటిల్లు దాకా అందులోకే వస్తాయి.

నాకు నాలుగు అంకెలు ఇవ్వు. పోయిన ఏడాది ఎంత ధాన్యం ఆడావు, పన్నెండు కరెంటు బిల్లుల్లో యూనిట్లు ఎన్ని, డీజిల్ ఎన్ని లీటర్లు, బాయిలర్‌లో ఊక ఎంత కాల్చావు.

గుణుపురం మిల్లు

మాస్టారూ, రెండు రోజులు కూర్చుని బిల్లులు వెతికాను. 6,000 టన్నుల ధాన్యం ఆడాం. అందులో 4,500 ఉప్పుడు, 1,500 పచ్చి. కరెంటు 2,40,000 యూనిట్లు. డీజిల్ దగ్గరే తికమక పడ్డాను. ట్రాక్టరు మిల్లుకీ తిరుగుతుంది, మా పొలానికీ తిరుగుతుంది. బంకు స్లిప్పులన్నీ ఒకే కవర్లో ఉన్నాయి. డ్రైవర్‌ను కూర్చోబెట్టి విడదీస్తే మిల్లు వాటా 15,000 లీటర్లు తేలింది. అందులో జనరేటర్‌దే 6,000.

ఊక మాత్రం ఎప్పుడూ తూచలేదు. షెల్లర్ (ధాన్యం పొట్టు తీసే మిషన్) నుంచి వచ్చింది వచ్చినట్టు బాయిలర్‌లోకి పోతుంది. మిగిలితే ఇటుక బట్టీవాళ్లు ఎత్తుకెళ్తారు.

లెక్కల మాస్టారు, రాయగడ

పొలానికి తిరిగిన డీజిల్‌ని విడదీయడం మంచి పని. గీత ఎక్కడ గీశావో ఒక కాగితం మీద రాసి పెట్టుకో, వచ్చే ఏడాది కూడా అక్కడే గీయాలి.

ఇప్పుడు లెక్క. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కి ఎంత కార్బన్ డయాక్సైడ్ పడుతుందో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కకట్టి ప్రకటిస్తుంది. ఈ మధ్య ఏళ్లలో అది 0.7 కిలోల పైచిలుకు ఉంటోంది. నేను 0.72 వేస్తున్నాను, ఫారంలో రాసేటప్పుడు ఆ ఏటి అంకె చూసి వేసుకో.

2,40,000 యూనిట్లు ఇంటూ 0.72 అంటే సుమారు 173 టన్నులు.
లీటర్ డీజిల్ కాలితే 2.68 కిలోలు. 15,000 లీటర్లకు 40 టన్నులు.
మొత్తం 213 టన్నులు. టన్ను ధాన్యానికి 35.5 కిలోలు.

ఉప్పుడు బియ్యానికి, పచ్చి బియ్యానికి వేరు వేరు లెక్క పెట్టు. ఉప్పుడుకి ఆవిరి, డ్రయ్యర్, బ్లోయర్లు అన్నీ నడవాలి. వచ్చే ఏడాది నీకు పచ్చి ధాన్యం ఎక్కువ వచ్చిందనుకో, నువ్వేమీ బాగుచేయకపోయినా టన్నుకి అంకె తగ్గి కనిపిస్తుంది. అలాంటి తగ్గుదల చూసి నువ్వు సంతోషపడకూడదు, కొనేవాడికి చూపించకూడదు.

ఊక గురించి రాత్రి రాస్తాను. అసలు కథ అక్కడుంది.

పాత మిల్లరు, జయపురం

మాస్టారు రాత్రి రాస్తానన్నారు కదా, ఊక దగ్గర నేను ముందు మాట్లాడతాను. నలభై ఏళ్లు దాని పక్కనే బతికాను.

బాబూ, నూరు కిలోల ధాన్యానికి సుమారు ఇరవై కిలోల ఊక వస్తుంది. బాయిలర్, గొట్టాలు బాగున్న మిల్లులో ఉప్పుడు ఆడాక కూడా ఊక మిగలాలి. నీకు మిగిలేదంతా పచ్చి బియ్యం తాలూకు ఊకేనా, ఉప్పుడు ధాన్యంలోంచి కూడా మిగులుతోందా చూసుకో. ఒక వారం పాటు బాయిలర్ దగ్గరికి పోయే ప్రతి ట్రాలీని వేబ్రిడ్జి ఎక్కించు. పనివాళ్లు విసుక్కుంటారు, అయినా సరే.

ఇంకొకటి, బూడిద రంగు చూడు. తెలుపు మీద బూడిద రంగు ఉంటే ఊక పూర్తిగా కాలినట్టు. నల్లగా బొగ్గు పొడిలా ఉంటే సగం కాలి బయటికి పోతోంది. గాలి సరిపోవడం లేదనో, ఊక తడిసిందనో అర్థం. వానాకాలంలో ఊకని రేకుల కిందకు చేర్చని మిల్లు తడి ఎండబెట్టుకోవడానికే సగం ఊక తగలేసుకుంటుంది.

ఆవిరి గొట్టాలు తాకి చూడు. చెయ్యి కాలితే అక్కడ నీ ఊక గాల్లో కలిసిపోతున్నట్టే.

లెక్కల మాస్టారు, రాయగడ

పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. దానికి లెక్క వైపు నుంచి ఒక మాట కలుపుతాను, ఇక్కడ చాలామంది పొరపడతారు.

ఊక కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఆ ఏడాదే వరి మొక్క గాల్లోంచి తీసుకున్నది. అందుకని దాన్ని స్కోప్ ఒకటి మొత్తంలో కలపరు, విడిగా చూపిస్తారు. కాలేటప్పుడు వచ్చే కొద్దిపాటి మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం కలపాలి. కాబట్టి నువ్వు ఊక ఎంత పొదుపు చేసినా నీ 213 దాదాపు కదలదు. పొదుపైన ఊక ఇటుక బట్టీలో బొగ్గుకు బదులు కాలితే అక్కడ బొగ్గు తగ్గుతుంది, కానీ ఆ తగ్గుదల బట్టీవాడి పుస్తకంలోది.

అలాగని ఊక పొదుపు చేయకూడదా? చేయాలి. బూడిద తగ్గుతుంది, పొగ తగ్గుతుంది, డబ్బు మిగులుతుంది. ఒక అంకె కదలలేదని ఆ పని పనికిరానిది అయిపోదు.

బరంపురం పట్టు

నేను మిల్లు మనిషిని కాదు. మాది బరంపురంలో పట్టు నేత కుటుంబం, నూలుకి రంగు మేమే వేసుకుంటాం. ఈ చర్చ చదువుతుంటే నాకు నీళ్లు గుర్తొచ్చి రాస్తున్నాను.

మా పనిలో కరెంటు తక్కువ. కార్బన్ లెక్క కడితే చాలా మంచివాళ్లలా కనబడతాం. కానీ ముడిపట్టుని సబ్బునీళ్లలో ఉడికించి జిగురు తీస్తాం. కిలో నూలులో నాలుగో వంతు దాకా ఆ జిగురే, అదంతా కాలవలోకి పోతుంది. ఆ తర్వాత రంగు తొట్టి, ఆ తర్వాత జాడింపులు. రెండేళ్ల క్రితం మా అమ్మాయి బకెట్, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తుందో కొలిచింది. జాడించేటప్పుడు ఎంతసేపు తెరిచి ఉంచుతామో రాసింది. ఆ కాగితం చూసి మా ఆయన, నేను చాలాసేపు మాట్లాడలేదు. ఉడికించడానికి, రంగుకి కలిపి పట్టే నీళ్లకంటే జాడింపుకి పట్టేవి మూడింతలున్నాయి.

ఇప్పుడు పంపు కింద పెట్టి జాడించడం మానేశాం. మూడు తొట్లు పెట్టుకున్నాం. చివరి తొట్టి నీళ్లు దాదాపు శుభ్రంగానే ఉంటాయి, వాటిని తర్వాతి వాయి మొదటి జాడింపుకి వాడుతున్నాం. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత వేస్తే తొట్టి కడిగే నీళ్లు కూడా తగ్గాయి. దీనికి కొత్తగా కొన్నది రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు.

మిల్లు అన్నగారూ, మీ ఫారంలో నీళ్ల గడి ఉందన్నారు. ధాన్యం నానబెట్టిన నీళ్ల సంగతి ఇప్పటిదాకా ఎవరూ మాట్లాడలేదు.

గుణుపురం మిల్లు

అక్కా, నిజమే. బోరుకి మీటర్ లేదు. తొట్టి కొలతలు పట్టి చూస్తే టన్ను ధాన్యానికి సుమారు 1,200 లీటర్లు. 4,500 టన్నులకు 54 లక్షల లీటర్లు. ఈ అంకె రాస్తుంటే నాకే చెయ్యి ఆగింది. మాది చల్లనీళ్లలో రెండు రోజులు నానబెట్టే పద్ధతి. ఆ నీళ్లు గుంటలో కొన్నాళ్లుండి, పక్క వాగులోకి పోతాయి.

చెరువు గట్టు

నేను గజపతి జిల్లాలో ఒక మిల్లు పక్క ఊళ్లో ఉంటాను. మీ మిల్లు కాదు, ఆ మిల్లు పేరు చెప్పను.

మా వీధిలో బట్టలు ఆరేసుకుంటే సాయంత్రానికి నల్ల పొడి పడి ఉంటుంది. మా అమ్మకి కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి, డాక్టర్ దగ్గరికి వెళ్తే దుమ్ములో తిరగొద్దంటాడు. దుమ్ము ఇంట్లోకే వస్తే ఎక్కడికి పోవాలి? నానబెట్టిన నీళ్లు చెరువులోకి వదులుతారు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ గట్టు మీద నిలబడలేం, కుళ్లిన వాసన. చిన్నప్పుడు నేను ఆ చెరువులో ఈత నేర్చుకున్నాను. మా పిల్లలు దాని దగ్గరికి పోరు.

మేం నలుగురం వెళ్లి అడిగితే పొల్యూషన్ బోర్డు కన్సెంట్ (అనుమతి) ఉంది, కాగితం చూసుకోండి అన్నారు. కాగితం ఉంది, నేను చూశాను. వాసన కూడా ఉంది.

టన్నుకి 35.5 కిలోలు అన్నారు. అందులో మా చెరువు ఎక్కడుంది? తప్పుపట్టడానికి అడగడం లేదు. మీరు అడిగి తెలుసుకుంటున్నారు కాబట్టి మీకైనా చెప్పాలనిపించింది.

గుణుపురం మిల్లు

అమ్మా, ఆ అంకెలో మీ చెరువు లేదు. నిన్న మీ పోస్ట్ చదివాక మా వాగు వెంట కిలోమీటరు దూరం నడిచాను. మా గుంట తూము దగ్గర నీళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి, పైన నురగ. కిందికి పోయేకొద్దీ రంగు పోయింది కానీ వాసన ఉంది. అక్కడ ఇద్దరు పశువులను కడుగుతున్నారు. వాళ్లని అడిగితే సీజన్లో ఈ రేవు మానేస్తామన్నారు. ఇన్నేళ్లలో నాతో ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు.

ఫారంలో ఉన్నా లేకపోయినా ముందు ఇది చూడాలి. పెద్దవాళ్లు దారి చెప్పండి.

పాత మిల్లరు, జయపురం

చల్లనీళ్లలో రెండు రోజులంటే ధాన్యం పులుస్తుంది. వాసన అక్కడే పుడుతుంది. వేడినీళ్లలో, అరవై ఐదు నుంచి డెబ్బై డిగ్రీల్లో నానబెడితే నాలుగైదు గంటల్లో అయిపోతుంది. పులిసే సమయం ఉండదు, బియ్యానికి కూడా ఆ ముతక వాసన రాదు. మేము 1990ల్లోనే మారాం.

అయితే వేడినీళ్లకు ఆవిరి కావాలి, అంటే ఊక ఎక్కువ పడుతుంది. అందుకే మొదట గొట్టాలు, బాయిలర్ బాగుచేసుకో. అక్కడ మిగిలిన ఊకతో నీళ్లు కాచుకోవచ్చు. డ్రయ్యర్‌లో ఆవిరి చల్లబడి వచ్చే నీళ్లు చాలా మిల్లుల్లో నేలపాలవుతాయి. అవి వేడిగా, శుభ్రంగా ఉంటాయి, వాటిని తిరిగి బాయిలర్ తొట్టికి తెచ్చుకో.

బూడిద సంగతి. పొగగొట్టానికి ముందు సైక్లోన్, అంటే పొగని గిర్రున తిప్పి బూడిదని కిందికి దించే డబ్బా, ఉందా? ఉంటే దాని కింద బూడిద దిగే చోట గాలి లోపలికి పీలుస్తోందేమో చూడు, పీలిస్తే అది పనిచేయనట్టే. బూడిద ఎత్తే ముందు నీళ్లు చల్లు, ట్రాలీ మీద టార్పాలిన్ కప్పు. ఇవి మందు కాదు, పథ్యం. కానీ పక్క ఊరివాళ్లకి ఆ రోజునుంచే తేడా తెలుస్తుంది.

లెక్కల మాస్టారు, రాయగడ

వదిలే నీళ్లకి కూడా ఒక పుస్తకం పెట్టు. బోరుకి మీటర్, రోజూ రీడింగ్. తూము దగ్గర వారానికోసారి లిట్మస్ లాంటి కాగితంతో ఆమ్లం చూడు, గాజు సీసాలో పట్టి అడుగున ఎంత మడ్డి దిగిందో ఫొటో తీయి. సీజన్లో రెండుసార్లైనా ల్యాబుకి పంపి బీఓడీ పరీక్ష చేయించు. నీళ్లలోని కుళ్లును విడగొట్టడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ తినేస్తాయో అది చెబుతుంది. చేపలు చచ్చేది ఆ ఆక్సిజన్ అందకే.

ఒక్క గుంట చాలదు. మడ్డి దిగడానికి ఒకటి, సున్నం కలపడానికి ఒకటి, గాలి ఆడించడానికి ఒకటి. ఖర్చు అవుతుంది, తప్పదు.

టిఫిన్ సెంటర్, బరంపురం

మిల్లులకేనా, మాకూ ఏమైనా చెబుతారా? మాకు కరెంటు తక్కువ, నెలకి 19 కిలోల సిలిండర్లు నలభై అవుతాయి.

లెక్కల మాస్టారు, రాయగడ

కిలో గ్యాస్ కాలితే సుమారు మూడు కిలోల కార్బన్ డయాక్సైడ్. సిలిండర్‌కి 57, నలభైకి 2,280 కిలోలు. ఇడ్లీ పాత్రకి మూత సరిగ్గా పట్టడం, బర్నర్ మంట నీలంగా ఉండటం, పప్పు ముందు నానబెట్టడం, వీటితో మొదలుపెట్టు బాబూ. పారేసే అన్నం, ఇడ్లీ పిండి రోజూ తూచు. వండి పారేసినదానికి గ్యాస్, సరుకు రెండూ వృథా.

డిప్లొమా కుర్రాడు, పర్లాకిమిడి

అన్నా, మీకు సార్టెక్స్, అదే రంగు మారిన బియ్యాన్ని గాలితో ఊది వేరుచేసే మిషన్, ఉందా? ఉంటే దానికి గాలినిచ్చే కంప్రెసర్ లీకులు చూడండి. నేను పనిచేసే చోట నేర్చుకున్న పరీక్ష ఇది, పైసా ఖర్చు లేదు.

రాత్రి మిల్లు ఆగాక గాలి వాడే మిషన్లన్నీ ఆపేసి, కంప్రెసర్ ఒక్కటే నడపండి. గాలి ఎవరూ వాడటం లేదు కాబట్టి అది లోడ్ తీసుకోకూడదు, అంటే కొత్తగా గాలి నింపకూడదు. తీసుకుంటోందంటే లీకుల కోసమే. ఎన్ని సెకన్లు లోడ్‌లో ఉందో, ఎన్ని సెకన్లు ఖాళీగా తిరిగిందో పదిసార్లు రాయండి. లోడ్ సమయాన్ని మొత్తం సమయంతో భాగించి నూరుతో గుణిస్తే లీకు శాతం. తర్వాత సబ్బు నురగ బ్రష్‌తో ప్రతి జాయింటూ తడపండి. బుడగ వచ్చిన చోట చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి.

నాగావళి ఒడ్డు

ఇంత శ్రమ ఎందుకండీ, కెపాసిటర్లు పెట్టించుకుంటే బిల్లు తగ్గుతుంది, మా షెడ్డులో చేశాం. సోలార్ కూడా పెడితే అయిపోతుంది. తర్వాత బస్తా మీద కార్బన్ న్యూట్రల్ అని వేసుకోవచ్చు, అలా సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఉన్నారు.

లెక్కల మాస్టారు, రాయగడ

మూడు వేరు వేరు సంగతులు కలిపేశారు. కెపాసిటర్లతో పవర్ ఫ్యాక్టర్, అంటే తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా, బాగుపడి బిల్లు తగ్గుతుంది, పెట్టాల్సిందే. కానీ మోటారు తినే యూనిట్లు దాదాపు అంతే ఉంటాయి. బిల్లు తగ్గిందని కార్బన్ తగ్గిందని రాయకూడదు.

సోలార్ మంచిదే. మన వైపు ఒక కిలోవాట్ ప్యానెల్ ఏడాదికి సుమారు 1,400 యూనిట్లు ఇస్తుంది. 50 కిలోవాట్లు పెడితే 70,000 యూనిట్లు, అంటే 50 టన్నులు తగ్గుతాయి. కానీ మిల్లు రేకుల మీద తవుడు దుమ్ము, బూడిద పడుతూ ఉంటాయి. వారం వారం కడగకపోతే ఆ లెక్క రాదు. పైగా లీకులు, వృథా ఉన్న మిల్లుకి సోలార్ పెడితే వృథాకి కూడా ప్యానెళ్లు కొన్నట్టు అవుతుంది. ముందు అవి మూయాలి.

ఇక బస్తా మీద రాసుకోవడం. నిరూపించలేని పర్యావరణ గొప్పలు ప్రకటనల్లో చెప్పకూడదని 2024లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. చెప్పిన మాటకి ఆధారం చూపాలి. ఆ చెరువు గట్టు అమ్మాయి ఊళ్లో అలాంటి బస్తా ఎవరి చేతికి ఇవ్వగలం?

వంశధార రైతు

ఒకటి అడగాలి. స్కోప్ మూడులో రైతు పొలం కూడా ఉందన్నారు. అది లెక్కకట్టారా?

లెక్కల మాస్టారు, రాయగడ

కట్టాను, రాయడానికి వెనకాడాను. మీరే అడిగారు కాబట్టి చెబుతాను.

నీళ్లు నిలిచిన మడిలో గాలి అందక, మట్టిలోని సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. సీజనంతా నీళ్లు నిలిపిన హెక్టారుకు ఇది వంద కిలోల దాకా ఉండొచ్చు. మీథేన్ వేడిని పట్టి ఉంచడంలో నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కి 28 రెట్లు. అంటే హెక్టారుకు 2.8 టన్నులు. హెక్టారుకు నాలుగు టన్నుల దిగుబడి అనుకుంటే 6,000 టన్నుల ధాన్యం వెనక 1,500 హెక్టార్లు. మొత్తం 4,200 టన్నులు. మిల్లు లెక్కకి దాదాపు ఇరవై రెట్లు. వర్షాధారపు మళ్లలో మధ్య మధ్య ఆరుతుంది కాబట్టి అసలు అంకె ఇంతకంటే తక్కువ ఉంటుంది.

వంశధార రైతు

అదే నా భయం. రేపు ఆ కంపెనీ మిల్లుని అడుగుతుంది, మిల్లు మమ్మల్ని అడుగుతుంది. నీళ్లు తీసేయండి అంటారు. మాకు వాన పడితే నీళ్లు, లేకపోతే లేదు. కొండల మధ్య ఝోలా భూముల్లో సవర వాళ్లు తరతరాలుగా మళ్లు కట్టుకున్నారు, అక్కడ ఊట ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. ఆరబెట్టమంటే ఎలా? క్వింటాకి ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వకుండా మా మీద లెక్క రాయడం న్యాయం కాదు.

కొలాబ్ కాలవ రైతు, జయపురం

అన్నా, మీ మాట నిజం. కానీ మాలాగా కాలవ కింద ఉన్నవాళ్లు చేయగలరు. రంధ్రాలు పెట్టిన ప్లాస్టిక్ గొట్టం ఒక అడుగు పొడవుది మడిలో దిగేస్తాం. లోపల నీళ్లు నేలమట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్లీ నీళ్లు పెడతాం. పూత సమయంలో మాత్రం ఆరనివ్వం. మీథేన్ మూడో వంతు, అంతకు మించి కూడా తగ్గుతుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. నాకు మీథేన్ కనబడలేదు, బోరు మోటారు వేసే గంటలు తగ్గడం మాత్రం కనబడింది. మొదటి ఏడాది కలుపు పెరిగింది, అది కూడా చెప్పాలి. చివరి మడికి నీళ్లు వచ్చే వంతు ఖాయంగా లేకపోతే ఎవరూ ధైర్యం చేయరు. ఆ భరోసా మిల్లు ఇవ్వలేదు, కాలవ వాళ్లు ఇవ్వాలి.

గుణుపురం మిల్లు

వంశధార అన్నా, మీ మాట ఫారంలోనే రాస్తాను. పొలం లెక్క అంచనా మాత్రమేనని, ఎక్కువ భాగం వర్షాధారమని, రైతుకి ధర ఇవ్వకుండా తగ్గింపు అడగడం కుదరదని. వాళ్లు ఒప్పుకుంటారో లేదో చూస్తాను.

గుణుపురం మిల్లు (ఐదు వారాల తర్వాత)

చేసినవి, చేయలేనివి రాస్తున్నాను.

కంప్రెసర్ పరీక్ష చేశాం. ప్రతి ఐదు నిమిషాల్లో ఒక నిమిషం లోడ్ తీసుకుంది, అంటే 20 శాతం లీకు. సార్టెక్స్ దగ్గర గొట్టాల జాయింట్లు, ట్యాంకు కింద డ్రెయిన్ వాల్వ్ కలిపి పదకొండు చోట్ల బుడగలు. క్లిప్పులు, సీళ్లు మార్చాక ఐదు నిమిషాల్లో 20 సెకన్లకి వచ్చింది, 7 శాతం లోపు. మాది 22 కిలోవాట్ల కంప్రెసర్, ఏడాదికి మూడు వేల గంటలు తిరుగుతుంది. మాస్టారు వేసిన లెక్కలో 8,600 యూనిట్లు, ఆరు టన్నులు తగ్గాలి. బిల్లు చూశాక ఖాయం చేస్తాను. తమ్ముడూ, పర్లాకిమిడి వచ్చినప్పుడు నిన్ను కలుస్తాను.

ఊక తూచాం. 16 టన్నుల వాయికి 3.4 టన్నులు. టన్నుకి 212 కిలోలు, అంటే వచ్చిన ఊకకంటే ఎక్కువే కాలుస్తున్నాం. బూడిద నల్లగానే ఉంది. గొట్టాలకు తొడుగు వేయించి, డ్రయ్యర్ నీళ్లు వెనక్కి తెచ్చి, ఊక కుప్ప మీద రేకులు దించాక 2.9కి దిగింది. ఈ లెక్కన ఏడాదికి 140 టన్నుల ఊక మిగులుతుంది. దాన్ని అమ్మడం లేదు. వేడినీళ్ల పద్ధతికి మారడానికి ఉంచుతున్నాను, ఫిట్టర్ కొలతలు తీసుకెళ్లాడు.

చేయలేనిది గుంటలు. రెండో గుంటకి స్థలం వాగు వైపే ఉంది, అక్కడ తవ్వితే వానాకాలం పొంగుతుంది. మిల్లు వెనక ధాన్యం ఆరబోసే కళ్లంలో కొంత వదులుకోవాలి. నాన్నగారు ఒప్పుకోలేదు. మూడు రోజులు మాట్లాడుకున్నాం. నిన్న సాయంత్రం ఆయనని వాగు దాకా తీసుకెళ్లాను, పశువులు కడిగే రేవు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. వచ్చాక ఏమీ అనలేదు. పొద్దున చూస్తే కళ్లంలో మూల నుంచి ముప్పై అడుగులు సున్నంతో గీత గీసి ఉంది.

ఫారం పంపాను. కన్సల్టెంటుకి వద్దని చెప్పాను, ఆ డబ్బులో కొంత ల్యాబ్ పరీక్షకి పోతుంది.

చెరువు గట్టు

అన్నా, నీళ్లు పరీక్షకి పంపేటప్పుడు సీసా ఎలా పట్టాలో, ఎంతసేపట్లో ల్యాబుకి చేర్చాలో రాయండి. మా చెరువు నీళ్లు కూడా పంపుతాం. ఊళ్లో చందా వేసుకుంటున్నాం.

లెక్కల మాస్టారు, రాయగడ

అమ్మా, సీసా ల్యాబువాళ్ల దగ్గరే తీసుకో. అంచుదాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత పెట్టు. ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు చేర్చాలి, ఆలస్యమైతే అంకె మారిపోతుంది. చెరువులో మిల్లు నీళ్లు కలిసే చోట ఒకటి, దూరంగా అవతలి గట్టున ఒకటి పట్టు. తేదీ, సమయం, ఆ రోజు మిల్లు నడుస్తోందా లేదా అన్నది సీసా మీదే రాయి. పరీక్ష కాగితం వచ్చాక ఇక్కడ పెట్టు, చదివి చెబుతాను.